కుట్టు మిషను ఇస్తారు, సీటు ఇవ్వరు

(కోనసీమలో ఒక పేటలో ఇంటరు, డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈవేళ మేం మాట్లాడబోయే చదువు పేరు చెబితే మీలో కొందరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. దాని పేరు ఫ్యాషన్ డిజైనింగు, మర్చండైజింగు. ఒంటిమీద బట్ట ఎలా ఉండాలో ముందే మనసులో చూసి కాగితం మీద గీసి, కత్తిరించి, కుట్టించి చూపించేది డిజైనింగు. ఆ బట్ట తయారీకి ఎంత ఖర్చవుద్ది, ఎంతకు అమ్మాలి, ఎవరికమ్మాలి, ఎన్ని రోజుల్లో పంపాలి అని లెక్క తేల్చేది మర్చండైజింగు.

ఈ మాట ఎత్తగానే మన సంఘం కార్యకర్త ఒకాయన, "మాస్టారూ, మనోళ్ళకి సెంటు భూమి లేదు, శ్మశానానికి దారి లేదు, మీరు ఫ్యాషనంటారేంటండీ" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. భూమి పోరాటం ఆపమని మేం చెప్పడం లేదు. కానీ బట్టల యాపారం మన పేటలకు సంబంధం లేని సంగతి అనుకుంటే మాత్రం అది పొరపాటు. ఈ గోదావరి జిల్లాల్లో అది మన చేతుల్లోంచే నడిచింది. నడిచిందిగానీ చేతులదాకానే వచ్చి ఆగిపోయింది.

నర్సాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవాడు అక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదండి, బట్ట కొని గిడ్డంగిలో వేసి ఓడకెక్కించే చోటు. ఆ ఊరి పేరు వాడి నోరు తిరక్క 'మడపొల్లం' అయింది. అక్కడినుంచి పోయిన మెత్తటి నూలుబట్టకి కూడా అదే పేరు పడింది. ఈనాటికీ ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో ఒక రకం తెల్లబట్టని ఆ పేరుతోనే పిలుస్తారు. తర్వాత ఇంగ్లండు మిల్లులు అదే బట్టని, అదే పేరుతో నేసి అమ్ముకున్నాయి. మన ఊరి పేరు మిగిలింది, మన ఊరికి పని పోయింది. నేసినోడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

నేత అంటే పద్మశాలీలు, దేవాంగులే గుర్తొస్తారు. నిజమే, వాళ్ళ కష్టం పెద్దది. అయితే కోస్తాలో మాలలు కూడా ముతకబట్ట నేసేవాళ్ళని 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల పుస్తకంలో ఉంది. మన తాతలు కట్టిన పంచె మనమే నేసుకున్నాం. మగ్గం గుంట పూడ్చుకొని కూలికి పోయిన ఇళ్ళు మన పేటల్లోనూ ఉన్నాయి.

ఇక లేసు సంగతి చెప్పాలి. ఇది కాస్త నెమ్మదిగా వినండి, ఎందుకంటే మొత్తం చదువు సారం ఇందులోనే ఉంది.

19వ శతాబ్దం మధ్యలో విదేశాలనుంచి వచ్చిన మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు క్రోషా సూదితో లేసు అల్లడం ఇక్కడ నేర్పారు. మొదట నేర్చుకున్నది ఎవరు? కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న బీద ఆడవాళ్ళు, అందులో మన మాల, మాదిగ తల్లులు. తర్వాత అది నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. గడప దాటని కాపు ఇళ్ళల్లోకీ, ఏటి ఒడ్డు అగ్నికులక్షత్రియుల ఇళ్ళల్లోకీ పోయింది. లంకల్లో సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్న ఏ ఆడమనిషి చేతిలో చూసినా సూదీ దారమే. టేబుల్ క్లాతులు, మంచం దుప్పట్లు, దిండు గలీబులు, ఇవన్నీ ఓడలెక్కి జర్మనీ, ఇంగ్లండు, అమెరికా పోయేవి.

1970ల ఆఖర్లో మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు నర్సాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి పుస్తకం రాసింది. 1982లో అచ్చయింది. ప్రపంచంలో ఆడవాళ్ళ శ్రమ గురించి చదివే చోట్ల మన నర్సాపురం పేరు ఆ పుస్తకం వల్ల తెలుసు. మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసో మీరే అడగండి. ఆమె తేల్చింది ఇది: ఎక్స్‌పోర్టరు, వాడి కింద ఏజెంటు, ఏజెంటు కింద ఇంట్లో కూర్చున్న ఆడమనిషి. పువ్వు అల్లేది ఒకరు, దాన్ని 'చేతిపని' అంటారు. పువ్వుల్ని కలిపేది ఇంకొకరు, అది 'అతుకుపని'. దుప్పటి మొత్తం ఎలా వచ్చిందో పువ్వు అల్లినామెకి కనపడదు. ఏ దేశం పోయిందో తెలియదు. ఎంతకు అమ్ముడుపోయిందో అసలే తెలియదు. రోజుకి ఆరు గంటలు, ఎనిమిది గంటలు అల్లినా యాపారస్తులు దాన్ని పని అనరు. 'తీరిక వేళ కాలక్షేపం' అంటారు. ఇల్లాలు అన్నాక కూలి ఎందుకు, చేతి ఖర్చులకి ఏదో వస్తుంది కదా అంటారు.

ఆ పుస్తకంలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. చేలోకి పోయి ఊడ్చిన మన ఆడకూలీకి వచ్చేదానికన్నా, గడప దాటకుండా లేసు అల్లిన పైకులం ఆడమనిషికి వచ్చేది తక్కువ. ఆమె మాత్రం మనకంటే గౌరవంగా బతుకుతున్నాననుకునేది. కులం మర్యాద ఆమె కళ్ళకి గంతలు కట్టింది. ఆ గంతల వెనకనుంచి ఏజెంటు లాభం లాక్కున్నాడు.

ఇప్పుడు మర్చండైజింగు అంటే ఏంటో చూద్దాం. ఊరికే ఒక లెక్క వేద్దాం. అంకెలు మన సౌకర్యానికి అనుకున్నవే, పద్ధతి మాత్రం నిజమైంది. ఒక టేబుల్ క్లాతుకి దారం 200 రూపాయలు. అల్లినామెకి 400. అతికినామెకి 100. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసినందుకు 50. ఏజెంటుకి 80. పెట్టెలో సర్ది రేవుదాకా చేర్చడానికి 70. మొత్తం 900. ఎక్స్‌పోర్టరు దాన్ని 1500కి ఓడకెక్కిస్తాడు. ఓడ ఎక్కేదాకా అయిన ధరని ఎఫ్.ఓ.బి. అంటారు, ఈ మాట పిల్లలు రాసుకోండి. అక్కడ కొట్లో అదే క్లాతు 6000. అల్లినామె ఇరవై రోజులు కూర్చుంది. 400ని ఇరవైతో భాగించండి. రోజుకి 20 రూపాయలు.

ఇందులో మోసం ఎక్కడుంది అంటే ఏ ఒక్క అంకెలోనూ కనపడదు. ఏ అంకె ముందు రాశారు అన్నదాంట్లో ఉంటది. కొనేవాడు ధర ముందు చెబుతాడు, ఎక్స్‌పోర్టరు తన వాటా తీసుకుంటాడు, ఏజెంటు తనది తీసుకుంటాడు, చివరికి మిగిలింది కూలి అంటాడు. అలాక్కాకుండా, ఒక పువ్వుకి ఎన్ని నిమిషాలు పడుద్ది, దుప్పటికి ఎన్ని పువ్వులు, గంటకి కూలి ఎంత, అని కూలి ముందు రాసి ధర కట్టొచ్చు. ఈ రెండో లెక్క వేయడం వచ్చినవాళ్ళు కొనేవాడితో ఆ లెక్కతోనే మాట్లాడగలరు. ఆ కాగితాన్ని 'కాస్టింగ్ షీటు' అంటారు. ఫ్యాషన్ కాలేజీలో దాన్ని పుస్తకం పెట్టి నేర్పుతారు. శాంపిలు ఎప్పుడు పంపాలి, కొనేవాడు ఒప్పుకున్నాక దారం ఎప్పుడు తెప్పించాలి, ఏ తేదీకి ఓడెక్కించాలి అని తేదీల పట్టిక కట్టడం కూడా నేర్పుతారు. మన ఏజెంటు దగ్గర చిట్టా పుస్తకం ఉంటుంది చూశారా, మనకి చూపించకుండా చంకలో పెట్టుకుంటాడు. ఆ చిట్టా చదవడం నేర్పే చదువు ఇది. అందుకే మేం దీన్ని మామూలు చదువు అనుకోవడం లేదు.

కంపెనీలో ఉద్యోగానికి పోయిన మనమ్మాయి కూడా కంపెనీ మాటే వినాలి కదా అంటారు. వినాలి. ఒక్కతీ పోయి కూలి రేటు మార్చలేదు. అయితే 2024లో నర్సాపురం క్రోషా లేసుకి జి.ఐ. గుర్తింపు వచ్చింది. ఆ పేరు మీద ఇక్కడ తయారైందే అమ్మాలి అని దానర్థం. ఉప్పాడ జాందానీకి 2009లోనే వచ్చింది. నర్సాపురం దగ్గర సీతారామపురంలో లేసు ట్రేడ్ సెంటరు కట్టారు. మహిళా సొసైటీలు ఉన్నాయి. బిల్డింగులున్నాయి, బోర్డులున్నాయి. కొనేవాడి ఈమెయిలుకి జవాబు రాయగలిగిన, ఈ ఏడాది వాడికి ఏ రంగు కావాలో పసిగట్టి కొత్త నమూనా గీయగలిగిన మన పిల్ల అందులో ఉందా? లేకపోతే జి.ఐ. ముద్ర కూడా ఏజెంటు చంకలోకే పోద్ది.

మా బళ్ళో చదివిన ఒకమ్మాయి సంగతి చెబుతాం. పేరు వద్దు. తల్లి కూలికి పోతుంది, రాత్రిళ్ళు లేసు అల్లుతుంది. ఈ పిల్ల లెక్కల నోటు పుస్తకం వెనక అట్ట మీద ముగ్గులు, లేసు పువ్వులు, జాకెట్టు వెనక డిజైన్లు గీసేది. ఇంటరు అయ్యాక ఫ్యాషన్ కాలేజీ ప్రవేశపరీక్షకి చదువుతానంది. కోచింగుకి ఏదైనా సాయం ఉంటదేమోనని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాం. అక్కడి పెద్దమనిషి పిల్లని పైనుంచి కిందికి చూసి, "ఎందుకమ్మా ఇవన్నీ, మీకు కుట్టు మిషన్ల స్కీముంది, అప్లికేషను పెట్టుకో" అన్నాడు. ఆయన తిట్టలేదు. మంచిగానే చెప్పాడు. ఎస్సీ ఆడపిల్ల, బట్టలు అనగానే ఆయన బుర్రలో మిషనే కనపడింది, కాలేజీ కనపడలేదు.

కుట్టు మిషను మీద మాకు కోపం లేదు. ఎన్నో ఇళ్ళకి అదే అన్నం పెట్టింది. జాకెట్టు కుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు ఈ సభలోనే ఉన్నారు. మేం అడిగేది ఒక్కటే. నలభై ఏళ్ళుగా ప్రతి ప్రభుత్వమూ మనకి మిషనే ఎందుకిస్తుంది? రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్టుకి వెళ్ళండి. మూటలు మోసేవాళ్ళలో మనోళ్ళున్నారు. గల్లా పెట్టె దగ్గర ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టుకొని రండి. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల కంపెనీ ఉంది. పల్లెలనుంచి వేలమంది ఆడపిల్లలు బస్సెక్కి పోయి లైన్లో కూర్చుని కుడతారు. కాలరు కుట్టేపిల్ల కాలరే, చేతులు కుట్టేపిల్ల చేతులే. నూటయాభై ఏళ్ళ కిందటి అతుకుపనీ చేతిపనీ ఏసీ షెడ్డులోకి వచ్చాయి, అంతే తేడా.

ఇప్పుడు ఫ్యాషన్ అన్న మాట దగ్గరికి వద్దాం. ఇది డబ్బున్నోళ్ళ సోకు అనేవాళ్ళు మన చరిత్ర మరిచిపోతున్నారు. మనల్ని అణచడానికి వాళ్ళు వాడిన మొదటి ఆయుధాల్లో బట్ట ఒకటి. పంచె మోకాలు దాటకూడదు, ఊళ్ళోంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకోవాలి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. ఈ ముచ్చట్లు ఇక్కడున్న ముసలోళ్ళు చెబుతారు. తిరువాన్కూరులో నాడారు ఆడవాళ్ళు రొమ్ముల మీద గుడ్డ కప్పుకోవడానికి దశాబ్దాలు కొట్లాడితే 1859లో గాని రాజు ప్రకటన ఇవ్వలేదు. 1927లో మహద్‌లో బాబాసాహెబు మన ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడు. ఏం మాట్లాడాడో తెలుసా? చీర కట్టు గురించి, నగల గురించి మాట్లాడాడు. దూరంనుంచి చూడగానే అంటరానివాళ్ళని పట్టిచ్చే కట్టు మానేయమన్నాడు, చీర పాదాలదాకా కట్టుకోమన్నాడు, కులానికి గుర్తుగా మోసే ఆ వెండి కడియాల బరువు దించేయమన్నాడు. ఆయన సూటు వేసుకున్నది సోకు కోసం కాదని మనకి తెలుసు. మన ప్రతి పేట మొదట్లో నిలబడ్డ విగ్రహానికి నీలం కోటు ఉంది, మెడకి టై ఉంది, జేబులో పెన్ను ఉంది. మనకి ఫ్యాషన్ నేర్పిన మొదటి మాస్టారు ఆయనే అంటే తప్పేంటి?

'టేస్టు' అని ఇంకో మాట ఉంది. కాలేజీల్లో ఇది మన పిల్లల్ని బాగా ఏడిపిస్తుంది. చిలకపచ్చ, గులాబీ, పసుపు కలిపి గీస్తే 'మాస్ రంగులు' అంటారు. అవే మూడు రంగులు పెద్ద డిజైనరు వాడితే 'జానపద కళ' అంటారు. రంగుకి కులం ఎవరు పెట్టారు? మన ఆడవాళ్ళు ఎండలో, ఆకుపచ్చ చేలో, బురదలో పనిచేస్తారు. మెరిసే రంగు లేకపోతే దూరంనుంచి మనిషి కనపడదు. దాని వెనక ఒక బతుకు ఉంది, ఆ బతుక్కి ఒక లెక్క ఉంది. ఈ సంగతి మాస్టారుకి తెలియకపోతే మన పిల్ల చెప్పాలి. నోరు పెగిలి చెప్పాలంటే ఆమెకి చరిత్ర తెలియాలి, నాలుగు మాటలు రాయడం రావాలి. అందుకని బి.ఏ.లో చరిత్ర, ఎకనామిక్సు, తెలుగు చదివే పిల్లలు చిన్నబుచ్చుకోవద్దు. ఆర్ట్సు చదివితే ఏమొస్తుంది అనేవాళ్ళకి ఇదే జవాబు. రాజమండ్రి ఆర్ట్సు కాలేజీలో బి.ఏ. చదివిన పిల్ల అయినా, ఏ డిగ్రీ అయినా, నిఫ్ట్‌లో రెండేళ్ళ ఫ్యాషన్ మేనేజ్‌మెంటు పీజీకి పరీక్ష రాయొచ్చు. మర్చండైజింగు అక్కడే ఉంది.

మాదిగ అన్నదమ్ములకి ఒక మాట. చెప్పు కుట్టడం నీచమన్నారు, దాన్ని వదిలిపించారు. ఇప్పుడు హైదరాబాదులో ఎఫ్.డి.డి.ఐ. అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, చెప్పుల డిజైన్ దాంట్లో డిగ్రీ చదువు. పాదం కొలత, తోలు ఎటు సాగుద్ది, ఎక్కడ కోస్తే వృథా తగ్గుద్ది, ఇవన్నీ మీ తాతలకి తెలిసినవే. వాళ్ళకి సర్టిఫికెట్టు ఇచ్చినోడు లేడు.

ఇక అసలు దారులు. నిఫ్ట్ 1986లో ఢిల్లీలో మొదలైంది, 1995లో హైదరాబాదుకి వచ్చింది. 2006లో పార్లమెంటు చట్టం అయ్యింది. కాబట్టి అక్కడ ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5, ఓబీసీలకి 27 శాతం సీట్లు ఉన్నాయి. నాలుగేళ్ళ బి.డిజైన్‌కి ఇంటర్లో ఏ గ్రూపైనా సరే. బొమ్మలు గీసే పరీక్ష ఒకటి, మామూలు తెలివి పరీక్ష ఒకటి, ఆ తర్వాత ఇచ్చిన సామానుతో అక్కడికక్కడే ఒక వస్తువు చేసి చూపించే పరీక్ష ఒకటి. పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో లేదు. ఇది అన్యాయమని సంఘాలు గట్టిగా అడగాలి. అడుగుతూనే, ఇంటరు మొదటి ఏడునుంచే పిల్లలు ఇంగ్లీషు మీద కూర్చోవాలి. మన రాష్ట్రంలోనే ఎన్.ఐ.డి. 2015లో మొదలైంది. అక్కడ బట్టల డిజైన్ ఉంది. వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ సంస్థలో డిప్లొమా ఉంది, అది ఖర్చు తక్కువ దారి.

ఫీజు సంగతి దాచి లాభం లేదు. నిఫ్ట్‌లో నాలుగేళ్ళకీ కలిపి పది లక్షలు దాటుద్ది. ఈ అంకె వినగానే లేచి వెళ్ళిపోకండి. ఎస్సీ పిల్లలకి కేంద్రం 'టాప్ క్లాస్' స్కాలర్‌షిప్పు అని ఒకటి ఉంది. నిఫ్ట్, ఎన్.ఐ.డి. రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, అది దాటేవాళ్ళు మన పేటలో ఎవరూ లేరు. అయితే ఒక్కో కాలేజీకి ఇన్ని అని లెక్కుంటుంది, కాబట్టి సీటు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడ ఒక ముల్లు ఉంది. మొదట లేసు నేర్చుకున్నది క్రైస్తవం పుచ్చుకున్న మన తల్లులని చెప్పాం కదా. వాళ్ళ మనవరాలు ఈవేళ నిఫ్ట్‌కి పోతే ఆమె ఎస్సీ కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ అన్న మాటని హిందువులకి పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి, ఢిల్లీ లెక్కలో ఓబీసీ. పేటలో ఇల్లు అదే, ఊరోళ్ళు పెట్టే పేరు అదే, కాగితం మీద మాత్రం వేరు. ఓబీసీ సర్టిఫికెట్టు కేంద్రం నమూనాలో తీసుకోండి, రాష్ట్రం కాగితం అక్కడ చెల్లదు. ఏ సర్టిఫికెట్టు ఎవరికన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి, కౌన్సెలింగు రోజున ఏడ్చి లాభం లేదు.

పట్టణాల్లో మేడమీద రెండు గదులు తీసుకొని, గాజు అద్దాల మీద ఇంగ్లీషు పేరు రాసి, 'ఫ్యాషన్ డిప్లొమా' అని లక్షలు గుంజే దుకాణాలున్నాయి. డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తుందో కాగితం చూపించమనండి. చూపించకపోతే చెప్పులేసుకొని మెట్లు దిగి వచ్చేయండి.

హైస్కూలు పిల్లల కోసం ప్రభుత్వ పరీక్షల శాఖ డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పెడుతుంది. టైలరింగు, ఎంబ్రాయిడరీకీ ఉన్నాయి. మనోళ్ళు టైలరింగుకి పంపుతారుగానీ డ్రాయింగుకి పంపరు. రెండూ రాయించండి. బళ్ళో డ్రాయింగు మాస్టారు లేకపోతే అర్జీ పెట్టండి, రాసిపెట్టడానికి మేమున్నాం.

వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక ఇక్కడే కూర్చుంటాం. గీసే అలవాటున్న పిల్లలు ఆ నోటు పుస్తకాలు తీసుకురండి, చివరి అట్ట మీద గీసినవైనా సరే. లేసు అల్లే తల్లులు ఒక్కొక్క పువ్వు పట్టుకురండి, అది అల్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి చీటీ మీద రాయించుకొని మరీ తీసుకురండి. కాస్టింగ్ షీటు ఆ పువ్వులతోనే మొదలుపెడదాం.